టొరంటో ఐస్ హాకీ భవనాన్ని కూల్చలేదు

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచంలోని పాత క్రీడాప్రాంగణాల గురించి మీ పత్రిక ఆదివారం అనుబంధంలో ఇటీవల వచ్చిన వ్యాసంలో, కెనడాలోని టొరంటో నగరపు మేపుల్ లీఫ్ గార్డెన్స్ అనే ఐస్ హాకీ భవనానికి నాలుగు వాక్యాలు కేటాయించారు. మూడు వాక్యాలు ఆ ఊరి జట్టు గెలిచిన కప్పుల లెక్కకే సరిపోయాయి. నాలుగో వాక్యంలో, 1999లో జట్టు మరో చోటికి తరలిపోయాక ఆ భవనాన్ని కూల్చి సూపర్ మార్కెట్ కట్టారని ఉంది. భవనాన్ని కూల్చలేదు. సూపర్ మార్కెట్ వచ్చిన మాట నిజమే గాని, దాని పై అంతస్తులో, పాత గోపురం కిందనే, నేటికీ మంచు పరచి హాకీ ఆడుతున్నారు. ఈ ఒక్క సవరణ కోసమే అయితే ఒక కార్డు ముక్క చాలేది. అయితే ఆ భవనం ఎవరి డబ్బుతో లేచింది, ఎవరి డబ్బుతో నిలిచింది అన్న విషయం కప్పుల లెక్క కన్నా తెలుసుకోదగినదని నా అభిప్రాయం కనుక కొంచెం వివరంగా రాస్తున్నాను. భీమవరం ప్రాంతంలో చేపలకూ రొయ్యలకూ ఐసు సరఫరా చేసే ఫ్యాక్టరీలో యంత్రాలు చూసుకుంటూ ఉద్యోగకాలమంతా గడిపినవాణ్ని కావడం వల్ల, మంచు మీద ఆధారపడిన ఏ కట్టడమైనా నాకు ఆసక్తి కలిగిస్తుంది.

టొరంటోలో 1912 నుంచీ మ్యూచువల్ వీధిలో అరీనా గార్డెన్స్ అనే మంచు ప్రాంగణం ఉండేది. ఆ ఊరి జట్టును 1927లో కాన్ స్మైత్ నాయకత్వంలో కొందరు కొని, దానికి మేపుల్ లీఫ్స్ అని పేరు మార్చారు. స్మైత్ మొదటి ప్రపంచయుద్ధంలో పోరాడినవాడు, ఇసుక, కంకర వ్యాపారం చేసేవాడు. పాత ప్రాంగణం చాలడం లేదని, చక్కగా దుస్తులు వేసుకుని కుటుంబంతో వచ్చే ప్రేక్షకులకు తగిన భవనం కావాలని అతను పట్టుబట్టాడు. అయితే అతను ఆ ఆలోచనతో బయలుదేరిన సమయం కన్నా చెడ్డ సమయం మరొకటి ఉండదు. 1929లో అమెరికా స్టాక్ మార్కెట్ కుప్పకూలింది, కెనడాలో పనులు లేక లక్షలాది మంది రోడ్డున పడ్డారు. ఈటన్ అనే పెద్ద దుకాణాల సంస్థ నుంచి కార్ల్‌టన్, చర్చ్ వీధులు కలిసే చోట స్థలం దొరికింది, మాంట్రియల్‌కు చెందిన రాస్ అండ్ మెక్‌డొనాల్డ్ అనే వాస్తుశిల్పులు నక్షా గీశారు, గుత్తేదారు కూడా సిద్ధమయ్యాడు, కాని మొత్తం సుమారు 15 లక్షల డాలర్ల ఖర్చులో కొంత భాగానికి దారి కనబడలేదు. బ్యాంకు ఇక ఇవ్వనన్నది.

ఇక్కడ స్మైత్ దగ్గర పనిచేసే ఫ్రాంక్ సెల్కీ పాత్ర వస్తుంది. అతను వృత్తిరీత్యా ఎలక్ట్రీషియన్, ఆ వృత్తి కార్మిక సంఘంలో బాధ్యతలు నిర్వహించినవాడు. భవన నిర్మాణ కార్మిక సంఘాల నాయకుల దగ్గరికి వెళ్లి, మీ కూలీలో అయిదో వంతు నగదుగా కాకుండా ఈ భవనం వాటాలుగా తీసుకుంటే మీ సభ్యులకు పని దొరుకుతుంది, లేకపోతే ఎవరికీ దొరకదు అని ఒప్పించాడు. సంఘాలు ఒప్పుకున్నాయన్న మాట చేతికి వచ్చాక బ్యాంకు కూడా దిగివచ్చింది. తాపీపనివారు, ఇనుపపనివారు, కరెంటు పనివారు తాము కడుతున్న గోడలకు తామే వాటాదారులయ్యారు. దీనిని దాతృత్వమని గాని త్యాగమని గాని పొగడనక్కరలేదు. పని లేని కాలంలో, నూరు పాళ్ల కూలి కోసం కూర్చోవడం కన్నా ఎనభై పాళ్ల నగదు మేలని వారు లెక్క వేసుకున్నారు. అవసరం కొద్దీ ఆ కాగితాలను తక్కువ ధరకు అమ్ముకున్నవారికి పెద్దగా మిగిలింది లేదు. దాచుకోగలిగినవారికి తరువాతి దశాబ్దాల్లో మంచి విలువే వచ్చింది.

1931 జూన్ 1న పని మొదలైంది. నవంబరు 12న తలుపులు తెరిచారు. అయిదున్నర నెలల్లో, చూపుకు అడ్డుపడే స్తంభం ఒక్కటీ లేకుండా ఉక్కు గోపురం నిలబెట్టి, దాని కింద వేలమంది కూర్చునే ఏర్పాటు చేయడం నేటి యంత్రాలతో కూడా తేలిక కాదు. మన దగ్గర ఒక చిన్న ఇండోర్ స్టేడియానికి శంకుస్థాపన ఫలకం పాతబడి అక్షరాలు చెరిగిపోయే వరకు పునాది లేవని సందర్భాలు పాఠకులకు నేను గుర్తు చేయనక్కరలేదు. ప్రారంభపు ఆటకు 13,542 మంది వచ్చారు. షికాగో జట్టు చేతిలో ఆతిథ్య జట్టు 2-1 తేడాతో ఓడిపోయింది. అదే భవనంలో మేపుల్ లీఫ్స్ చివరి ఆట 1999 ఫిబ్రవరి 13న ఆడినప్పుడు కూడా ప్రత్యర్థి షికాగోనే, ఓటమి కూడా 6-2 తేడాతో ఆతిథ్య జట్టుదే.

ఈ రెండు ఓటముల మధ్య పదకొండు స్టాన్లీ కప్పులు (అక్కడి ఐస్ హాకీ లీగ్ విజేతకు ఇచ్చే కప్పు) ఉన్నాయి, వాటి లెక్క మీ వ్యాసంలో సరిగానే ఇచ్చారు. 1942 కప్పు సంగతి మాత్రం ఒక వాక్యానికి అర్హమైనది: తుది పోరులో డెట్రాయిట్ చేతిలో మొదటి మూడు ఆటలూ ఓడి, తరువాతి నాలుగూ వరసగా గెలిచారు. 1967 తరువాత ఆ జట్టుకు మళ్లీ ఆ కప్పు దక్కనే లేదు.

ఆ భవనంలో ఏమి జరిగిందో కెనడా ప్రజల్లో అత్యధికులు చూడలేదు, విన్నారు. ఫాస్టర్ హ్యూయిట్ అనే రేడియో వ్యాఖ్యాత కోసం గోపురం కింద, మంచుకు 56 అడుగుల ఎత్తున, ఒక చిన్న గదిని వేలాడదీశారు. ఆ ఎత్తును ఎలా నిర్ణయించారన్నదానికి ఒక కథ ప్రచారంలో ఉంది. హ్యూయిట్ ఒక పెద్ద భవనంలో ఒక్కొక్క అంతస్తే ఎక్కుతూ కిటికీలోంచి కింద నడిచే మనుషులను చూసి, అయిదో అంతస్తు నుంచి అయితే మనిషిని గుర్తుపట్టగలం, మొత్తం దృశ్యాన్నీ పట్టుకోగలం అని తేల్చాడట. శనివారం రాత్రి ఆ గొంతు వినని పల్లె ఆ దేశంలో అరుదుగా ఉండేది. పంటపొలాల మధ్య మంచులో చిక్కుకున్న కుటుంబాలు, ఎన్నడూ టొరంటో చూడనివారు, ఆ జట్టును తమదిగా చేసుకున్నది ఆ గది వల్లనే. అలాంటి గదిని 1979లో, భవనం అప్పటి యజమాని హెరాల్డ్ బల్లార్డ్ హయాంలో, విడగొట్టి చెత్త కాల్చే కొలిమిలో వేశారు. ఆ యజమానికి డబ్బు తెచ్చే కుర్చీలు కనిపించాయి గాని, ఆ కుర్చీల్లోకి మనుషులను రప్పించిన గొంతు కూర్చున్న చోటు కనిపించలేదు.

హాకీకి మాత్రమే అది పరిమితం కాలేదు. 1946 నవంబరు 1న టొరంటో హస్కీస్, న్యూయార్క్ నికర్‌బాకర్స్ జట్ల మధ్య అక్కడ జరిగిన పోటీని నేటి ఎన్‌బీఏ బాస్కెట్‌బాల్ తన మొదటి ఆటగా లెక్కిస్తుంది. బీటిల్స్ బృందం 1964, 1965, 1966లలో మూడేళ్లు వరసగా వచ్చింది. 1966 మార్చిలో మహమ్మద్ అలీ, జార్జ్ చువాలోల కుస్తీపట్టు లాంటి పదిహేను రౌండ్ల బాక్సింగ్ పోటీ కూడా అక్కడే జరిగింది. వియత్నాం యుద్ధం మీద అలీ అన్న మాటలకు ఆగ్రహించి అమెరికా నగరాలు ఆ పోటీకి చోటివ్వకపోవడంతో అది టొరంటోకు వచ్చింది. దానికి నిరసనగా డైరెక్టర్ల బోర్డుకు రాజీనామా చేసినవాడు మరెవరో కాదు, భవనం కట్టించిన కాన్ స్మైత్. కట్టించినవాడు ఒప్పుకోని పని వల్ల కూడా ఒక భవనానికి కీర్తి వస్తుందన్నమాట. కీర్తి ఒక్కటే ఉందనుకోవడం కూడా పొరపాటే. టిక్కెట్ల ఆశ చూపి అక్కడి సిబ్బందిలో కొందరు ఏళ్ల తరబడి బాలురపై లైంగిక అత్యాచారాలకు పాల్పడిన ఘోరం 1997లో బయటపడింది. ఆ భవన చరిత్ర చెప్పేవారు దీనిని దాటవేయకూడదు.

మంచు గురించి ఒక మాట. చలిదేశం కాబట్టి తలుపులు తెరిచి నీళ్లు పోస్తే గడ్డకడుతుందని మన వాళ్లలో చాలామంది అనుకుంటారు. లోపల వేలమంది కూర్చుని ఊపిరి విడుస్తుంటే అలా జరగదు. ఇలాంటి ప్రాంగణాల్లో సాధారణంగా అమ్మోనియాను కంప్రెసర్‌తో ఒత్తి, చల్లార్చి, ఆపై ఒత్తిడి తగ్గించి ఆవిరి కానిచ్చి, ఆ చలితో బ్రైన్ అనే గాఢమైన ఉప్పునీటిని శీతలపరచి, నేల అడుగున దగ్గర దగ్గరగా పరచిన గొట్టాల్లో దానిని తిప్పుతారు. ఉప్పునీరు గడ్డకట్టదు, దాని పైన పల్చగా పొర మీద పొరగా చల్లిన మంచినీరు గడ్డకడుతుంది. అంగుళం, అంగుళంపావు మందం చాలు. మన ఐసు ఫ్యాక్టరీల్లో జరిగేదీ ఇదే. అక్కడ చల్లటి ఉప్పునీరు గొట్టాల్లో నడుస్తుంది, ఇక్కడ తొట్టిలో నిలిచి తనలో ముంచిన డబ్బాల్లోని నీటిని దిమ్మలుగా మారుస్తుంది. అంతే తేడా. ఉండి, ఆకివీడు, భీమవరాల నుంచి రొయ్యల లారీలు దూరప్రాంతాలకు వెళ్లగలుగుతున్నది ఏ యంత్రం పుణ్యమో, టొరంటోలో హాకీ వేసవి దగ్గరపడే దాకా సాగుతున్నదీ ఆ యంత్రం పుణ్యమే. కరెంటు పోయినా, వాల్వు కారినా, జీతం అందక ఆపరేటరు రాకపోయినా రెండు చోట్లా మిగిలేది నీళ్లే. కట్టడానికయ్యే ఖర్చు ఒకసారిది, మంచు ఖర్చు ప్రతిరోజుది. దక్షిణాసియా శీతాకాల క్రీడల కోసం 2011లో డెహ్రాడూన్‌లో కట్టిన ఇండోర్ మంచు ప్రాంగణం ఆ క్రీడల తరువాత ఏళ్ల తరబడి మూతపడి ఉండి, మరమ్మతులయ్యాక 2025లో గాని అంతర్జాతీయ స్కేటింగ్ పోటీలను చూడలేకపోయింది.

ఇక మీ వ్యాసం తప్పు చెప్పిన చోటికి వస్తాను. 1999లో జట్టు కొత్త ప్రాంగణానికి తరలిపోయాక గార్డెన్స్ కొన్నేళ్లు దిక్కులేకుండా ఉంది. 2004లో దానిని లోబ్లా అనే కిరాణా దుకాణాల సంస్థకు అమ్మారు, అమ్మినవారు తమ కొత్త ప్రాంగణానికి పోటీ కాకూడదని షరతు కూడా పెట్టారు. 2007లో కెనడా ప్రభుత్వం దానిని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది. ఆ గుర్తింపుతో పైకప్పు కారడం ఆగదు గదా. పక్కనే ఉన్న విశ్వవిద్యాలయానికి వ్యాయామశాల, ఆటస్థలం అవసరమయ్యాయి, దుకాణానికి కింది అంతస్తు చాలు. 2009లో కుదిరిన ఒప్పందం ప్రకారం ఖర్చును సంస్థ, విశ్వవిద్యాలయం, కేంద్ర ప్రభుత్వం పంచుకున్నాయి. విశ్వవిద్యాలయం వంతులో పెద్ద భాగం విద్యార్థులదే. వారు ఓటింగు జరుపుకుని, దానికోసం తమ మీద తామే ప్రత్యేక రుసుము విధించుకున్నారు. వారిలో చాలామంది పనులు పూర్తయ్యేలోగా చదువు ముగించి వెళ్లిపోయి ఉంటారు. 1931లో కూలిలో అయిదో వంతు వదులుకున్న కార్మికుల వెంట వారిని కూడా చెప్పుకోవాలి.

లోపలి భాగాన్ని దాదాపు మొత్తం తీసేశారన్నది నిజమే, బహుశా మీ వ్యాసకర్త పొరబడింది అక్కడే. పసుపు ఇటుక గోడలూ గోపురమూ ఉంచి, మధ్యలో కొత్త అంతస్తులు వేశారు. దుకాణం 2011 నవంబరులో తెరుచుకుంది. పైన, గోపురం నేరుగా తలమీద కనబడేటట్లు, పాత కొలతల్లోనే, అంటే 200 అడుగుల పొడవు, 85 అడుగుల వెడల్పున కొత్త మంచు మైదానం 2012లో సిద్ధమైంది. కుర్చీలు సుమారు 2,600 మాత్రమే. కింద దుకాణంలో పాత మైదానపు నడిబొడ్డు ఎక్కడ ఉండేదో తెలిసేటట్లు నేల మీద ఎర్రటి చుక్క వేశారు. ఆ ఊళ్లో ఉద్యోగం చేసే మా అల్లుడుగారు ఉప్పూ పప్పూ కొనేది అక్కడే, ఆ చుక్క మీద నిలబడి ఫొటో తీయించుకునేవారు ఇప్పటికీ దారికి అడ్డం వస్తుంటారని ఆయన ఫిర్యాదు.

దాని సమకాలికుల గతి చూస్తే ఇది ఎంత అరుదో తెలుస్తుంది. డెట్రాయిట్ ఒలింపియాను 1987లో, షికాగో స్టేడియాన్ని 1995లో, బోస్టన్ గార్డెన్‌ను 1998లో నేలమట్టం చేశారు. మాంట్రియల్ ఫోరమ్ భవనం మిగిలినా, సినిమాహాళ్ల సముదాయంగా మారి అందులో మంచు లేకుండా పోయింది. టొరంటో ఒక్కటే దుకాణానికి చోటిచ్చి మంచును కూడా దక్కించుకుంది. కిందనున్న దుకాణం పై అంతస్తు ఆటకు అవమానమని కొందరు అక్కడ వాదించారు. నేను ఒప్పుకోను. అద్దె లేకుండా అమ్మోనియా తిరగదు.

మన జిల్లాల వారికి ఇది దూరపు సంగతి అనిపించవచ్చు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద, 1900లో రైళ్లు మొదలై 1997లో ఆగిపోయిన హేవ్‌లాక్ వంతెనను పర్యాటక ప్రదేశంగా మారుస్తామన్న మాట ఏళ్లుగా వింటున్నాం. వంతెన మీద దుకాణాలు ఎన్ని, దీపాలు ఎన్ని అన్న బొమ్మలు పత్రికల్లో వచ్చాయి. అయిదో ఏట, పదో ఏట ఆ ఉక్కుకు రంగు ఎవరి డబ్బుతో వేస్తారో మాత్రం నేను ఎక్కడా చదవలేదు. మీ విలేకరులు అధికారులను ఈ ప్రశ్న అడిగి జవాబు ప్రచురించాలని కోరుతున్నాను.

సవరణ వేసేటప్పుడు, మంచు ఉన్న పై భాగానికి ఇప్పుడు మ్యాటమీ అథ్లెటిక్ సెంటర్ అని పేరని, అది టొరంటో మెట్రోపాలిటన్ విశ్వవిద్యాలయం అధీనంలో ఉందని చేర్చగలరు. ఆ విశ్వవిద్యాలయానికి 2022 వరకు రైర్సన్ అనే పేరుండేది కాబట్టి, పాత పుస్తకాల్లో చదివినవారు అది వేరే సంస్థ అనుకునే అవకాశం ఉంది.

ఇట్లు,
మీ పాఠకుడు,
భీమవరం, పశ్చిమ గోదావరి జిల్లా