మా గుర్రాల దారి మాకు వదలండి: అధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

కొండ మీద గుర్రపు స్వారీ, రాత్రి క్యాంపు పథకం గురించి మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు. కందకంతో మూసేసిన మా గుర్రాల దారి తెరిపించమనీ, క్యాంపు దగ్గర నీళ్ల తొట్టి కట్టించమనీ పెట్టుకున్న అర్జీలన్నీ మీ ఆఫీసులోనే ఉన్నాయి, రశీదులు మా దగ్గరున్నాయి. జవాబు రాకే ఇలా అందరి ముందూ రాస్తున్నాను.

పాడేరు మన్యంలో గుర్రాన్ని సరదాకి పెంచరు. రోడ్డు లేని ఊళ్లకి బియ్యం మూటలు ఎక్కేది దాని వీపు మీదే, కాఫీ, మిరియాలు సంతకి దిగేదీ దాని మీదే. వంజంగి మేఘాలకీ లంబసింగి చలికీ జనం ఎగబడే నెలల్లో, వాళ్లలో కొందరిని గుర్రాల మీద కొండెక్కించి గుడారాల్లో ఉంచితే మా కుర్రాళ్లు వలస పోనక్కర్లేదని ఆ పథకం పెట్టినవాళ్లు అన్నారు. నమ్మాం. అప్పు చేసి జీన్లు, కళ్లేలు కొన్నాం.

తర్వాత మా పాత దారికి అడ్డంగా కందకం తవ్వేశారు. ప్లాంటేషన్ కాపలాకట. మనిషైతే దిగి ఎక్కుతాడు. మూటలతో ఉన్న గుర్రం ఎలా దాటుతుందండీ? సిమెంటు రోడ్డు మీద పొమ్మన్నారు. ఆ వాలు మీరే వచ్చి చూడండి. తెల్లవారుజామున మంచుకి తడిసి నున్నగా ఉంటుంది, లాడం కొట్టిన గిట్ట నిలవదు. గుర్రం వెనక కాళ్లు ముడిచి, ఒళ్లంతా వణుకుతూ అంగుళం అంగుళం దిగుతుంది. పోయిన సీజన్లో మా ఎర్ర గుర్రం అక్కడే మోకాళ్ల మీద పడింది. చర్మం లేచిపోయి లోపలికి మట్టి దూరింది. పశువుల ఆసుపత్రిలో గుర్రానికి ధనుర్వాతం మందు లేదన్నారు. మిగతా పశువుల కంటే గుర్రానికే ఆ జబ్బు తేలిగ్గా వస్తుందని మీకు తెలియదా? మందు కోసం విశాఖ వెళ్లొచ్చేసరికి దవడలు బిగుసుకుపోయాయి. నోటి దగ్గర ఉలవ గుగ్గిళ్లు పెడితే చూస్తోంది గానీ తినలేకపోయింది. చచ్చిపోయింది. దాని మీద చేసిన అప్పు మాత్రం ఇంకా కడుతున్నాం.

క్యాంపు చోట నీళ్ల తొట్టి కూడా లేదు. ఒక్కో గుర్రం రోజుకి 20 లీటర్లకి తక్కువ తాగదు. పక్కనున్న గెడ్డలోకి, అంటే వాగులోకి, దించుదామంటే కింద ఊరు తాగేది ఆ నీళ్లే, మాకు మనసొప్పదు. అడిగితే అటవీ భూమి అంటారు. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ప్రకారం గ్రామసభ సిఫార్సు చేస్తే రోడ్డుకీ నీటి వసతికీ హెక్టారు లోపు భూమి ఇవ్వొచ్చు కదా! మా గ్రామసభ తీర్మానం కూడా మీ దగ్గరే ఉంది.

అయ్యా, దండం పెట్టి అడుగుతున్నాం. గుర్రం పట్టేంత మేర ఆ కందకం పూడ్పించండి. తొట్టి కట్టించండి. మందులు పాడేరులోనే ఉంచండి. క్యాంపు సంగతి ఆలస్యమైనా సరే, దారి మాత్రం కాఫీ కోతలు మొదలయ్యే నవంబరు లోపు తెరిపించండి. మీ మనిషి ఎప్పుడొస్తాడో ముందుగా కబురు చేస్తే, కందకం దగ్గరికి మేమే తీసుకెళ్లి చూపిస్తాం.

ఇట్లు,
పాడేరు మన్యం నుంచి ఒక గుర్రాల యజమాని