ప్రధానోపాధ్యాయురాలి లేఖ: తెల్లని చెట్ల ఛాయాచిత్రాల గురించి

తల్లిదండ్రులకు నమస్కారం.

మన ఫొటోగ్రఫీ క్లబ్ పిల్లలు కంబాలకొండ అడవి దగ్గర తొలిసారి ఇన్‌ఫ్రారెడ్ ఫిల్మ్‌తో తీసిన చిత్రాలు మీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయి. చెట్లు మంచు కురిసినట్టు తెల్లగా, ఆకాశం నల్లగా ఉండడం చూసి ఇవి కంప్యూటర్‌లో మార్చినవని కొందరు, ప్రమాదకరమైన కిరణాలతో పిల్లల చేత ప్రయోగాలు చేయిస్తున్నామని మరికొందరు అంటున్నట్టు తెలిసింది. ఈ రెండు మాటల్లోనూ నిజం లేదు.

మన కంటికి కనిపించే ఎరుపు సుమారు 700 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర ఆగిపోతుంది. దానికి అవతల పరారుణ (ఇన్‌ఫ్రారెడ్) కాంతి ఉందని విలియం హెర్షెల్ 1800లోనే థర్మామీటర్లతో కనుగొన్నారు. మన పిల్లలు వాడిన రోలై ఇన్‌ఫ్రారెడ్ 400 నలుపు తెలుపు ఫిల్మ్ సుమారు 820 నానోమీటర్ల వరకు ఆ కాంతిని గ్రహిస్తుంది. ఆకులోని పత్రహరితం దాన్ని పీల్చుకోదు, లోపలి కణాల అమరిక దాన్ని చాలావరకు వెనక్కి తిప్పి పంపుతుంది, అందుకే పచ్చని చెట్టు తెల్లగా పడుతుంది. కెమెరా నుంచి ఏ కిరణమూ రాదు, రోజూ మన మీద పడే ఎండే దానికి ఆధారం. ఒంటి వేడిని కూడా ఈ ఫిల్మ్ పట్టుకోలేదు.

కంటికి కనిపించే కాంతిని ఆపి పరారుణ కాంతినే లోపలికి పంపే 720 నానోమీటర్ల ఫిల్టర్‌ను లెన్సుకు బిగిస్తే, దృశ్యాన్ని చూసుకునే వ్యూఫైండర్‌లో ఏమీ కనిపించదు. అందుకని మన తొమ్మిదో తరగతి విద్యార్థిని ముందుగా కెమెరాను స్టాండు మీద నిలిపి, దృశ్యాన్ని సరిచూసుకొని, పాత లెన్సు మీది పరారుణ గుర్తుకు ఫోకస్‌ను జరిపి, ఆ తరువాతే ఫిల్టర్ బిగించింది. లైట్ మీటరును నమ్మలేని పని కాబట్టి ఫిల్మ్ మీద పడే వెలుగు మోతాదును మారుస్తూ ఒకే చెట్టును వేర్వేరు ఎక్స్‌పోజర్లతో తీసి, ప్రతిదాన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంది. ఫిల్మ్ కడిగాక, తెలుపు నలుపులు తారుమారై ఆకులు చిక్కని నలుపుగా, ఆకాశం గాజులా ఉన్న నెగెటివ్‌ను వెలుగుకు పట్టి, తోటి పిల్లలకు కారణం వివరించిన ఆ అమ్మాయిని చూసి నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు.

పిల్లలు సైన్సును చేతులతో నేర్చుకోవాలన్నది నేను ఎన్నేళ్లుగానో చెబుతున్న మాట. తీసిన వెంటనే తెర మీద చూసుకునే వీలు లేనప్పుడే వారు ముందుగా ఆలోచిస్తారు, లెక్క వేస్తారు, ఓపిక పడతారు. 1988లో సోవియట్ రాకెట్‌పై అంతరిక్షానికి వెళ్లిన మన దేశపు ఐఆర్‌ఎస్-1ఏ ఉపగ్రహం పంటలను, అడవులను పరిశీలించడానికి ఈ పరారుణ కాంతిని కూడా వాడుకుందని పుస్తకంలో చదివిన పిల్లవాడికీ, ఆ కాంతిని తానే ఫిల్మ్ మీద పట్టిన పిల్లవాడికీ ఉండే తేడాను నేను తరగతి గదిలో కళ్లారా చూస్తున్నాను.

ఇక్కడ ఒక మనవి. ఇంటికి ఇచ్చిన ఒక కెమెరా వెనుక మూతను, ఫొటోలు వచ్చాయో లేదో చూద్దామని పెద్దలు తెరవడంతో రీలంతా వెలుగు తగిలి పాడైంది. ఆసక్తిని అర్థం చేసుకోగలను, కానీ పిల్లల సంచులు, ప్రాజెక్టులు వారి చేతుల్లోనే ఉండనివ్వాలని ఇంతకు ముందు లేఖల్లోనూ సవినయంగా కోరాను. పెద్దల చేతిరాతతో వచ్చే సైన్సు రికార్డులను ఉపాధ్యాయులు ఇట్టే గుర్తుపడతారు.

పరీక్షల టైమ్‌టేబుల్ డైరీలో అంటించాము, ఫీజు బకాయిలు నెలాఖరులోగా చెల్లించగలరు.

వచ్చే శనివారం సైన్సు ల్యాబులో చిత్రాలను నెగెటివ్‌లతో సహా ప్రదర్శిస్తున్నాము. సందేహాలన్నీ పిల్లలనే అడగండి, వారు జవాబు చెప్పేటప్పుడు దయచేసి మీరు మధ్యలో అందించవద్దు.

ప్రధానోపాధ్యాయురాలు
విశాఖపట్నం