ఐరిష్ పేరు పెడితే అక్షరాలు మార్చవద్దు

సంపాదకులకు నమస్కారం.

ఐర్లాండ్‌లో స్థిరపడిన తెలుగువారిలో కొందరు పిల్లలకు ఐరిష్ పేరు పెట్టాలని ముచ్చటపడి, ఊళ్లో తాతయ్య, అమ్మమ్మలు చదవలేరన్న బెంగతో స్పెల్లింగును మార్చి రాయించడం సరికాదని నా అభిప్రాయం. ‘నీవ్’ అనే పేరును ఎన్, ఐ, ఏ, ఎం, హెచ్ అని రాస్తారు. అందులో ఎం పక్కన హెచ్ చేరితే ‘వ’ పలుకుతుంది, ‘షివాన్’లో బి, హెచ్ కలిసి చేసే పనీ అదే. పాత గేలిక్ లిపిలో హల్లుపై పెట్టిన చుక్కకు బదులుగా వచ్చిన హెచ్ ఇది కాబట్టి, చూడటానికి వింతగా ఉన్నా నియమం ప్రకారమే ఉంది. అచ్చుపై ‘ఫాదా’ అనే గీతను మాత్రం జనన నమోదు వేళే పట్టుబట్టి రాయించాలి. అది లేకుంటే ‘షాన్’ కాస్తా ఐరిష్‌లో ‘ముసలి’ అయిపోతుంది. ముద్దుపేరుకు ఇంత పట్టింపు అక్కర్లేదు: షివాన్‌ను స్నేహితులు ‘షివ్’ అంటారు, ఆడపిల్లకు శివుడి పేరేమిటని తాతయ్య ఉలిక్కిపడితే ఇంట్లో ‘చిన్నీ’ అని పిలుచుకోవచ్చు.

– ఒక పాఠకురాలు, డబ్లిన్