హెచ్‌పీవీ టీకా ఒక్క డోసు చాలని నిరూపించిన ఊళ్లో రెండో డోసు కోసం ఐదు తిరుగుళ్లా? - కెన్యా ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

కిసుము,
2024 సెప్టెంబరు

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. నేను తెలుగు నర్సుని. మాది ఖమ్మం జిల్లా. తొమ్మిదేళ్లుగా విక్టోరియా సరస్సు ఒడ్డున, మీ కిసుములో, ఒక ప్రైవేటు ఆస్పత్రి ఆడవాళ్ల వార్డులో పనిచేస్తున్నాను. మీరు ఈ మధ్యే బాధ్యతలు తీసుకున్నారు కాబట్టి నా అర్జీలు మీదాకా వచ్చి ఉండవు. ఇంగ్లీషులో మూడు రాశాను. మొదటిదానికి జవాబు లేదు. రెండోదానికి రసీదు ఇచ్చారు, అంతే. మూడోది తీసుకున్న ఆయన కాగితం పైనుంచి కిందికి చూసి, "మీరు ఇండియా వాళ్లు కదా, మీకెందుకమ్మా ఇదంతా" అన్నాడు. ఆ ఆఫీసు పేరు ఇక్కడ రాయను. ఆయన ఉద్యోగం పోవాలని నాకు లేదు, నా కాగితం కదలాలని ఉంది.

ఈసారి నా భాషలో రాస్తున్నాను. నైరోబీలో, మొంబాసాలో, ఇక్కడ కిసుములో మావాళ్లు ఉన్నారు. వాళ్లలో ఎవరో ఒకరు మీకు చదివి వినిపిస్తారని ఆశ. ఇంగ్లీషులో రాసేటప్పుడు నా కోపం మర్యాదగా మారిపోతోంది. తెలుగులో అలా మారదు.

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ తెచ్చే వైరస్‌ను ఆపే హెచ్‌పీవీ టీకా గురించి మీకు చెప్పాల్సిన పని లేదు. మీరు స్వయంగా డాక్టరు. నేను చెప్పాల్సింది ఒక కార్డు గురించి.

కిబుయే మార్కెట్లో ఒమెనా అమ్ముకునే ఒకావిడ ఉంది. మా మెత్తళ్ల లాంటి చిన్న చేపలవి, ఎండబెట్టి డబ్బాలతో కొలిచి అమ్ముతారు. ఆవిడ రెండో కూతురికి పదకొండేళ్లు. నిరుడు జూన్‌లో బడికి టీకా వాళ్లు వచ్చి మొదటి డోసు వేశారు. చేతికి కార్డు ఇచ్చారు. అందులో రెండు గడులు. మొదటి గడిలో తేదీ, నర్సు సంతకం. రెండో గడి ఖాళీ. ఆరు నెలల తర్వాత రెండోది అన్నారు. ఆరు నెలలు లెక్కపెడితే డిసెంబరు. డిసెంబరులో బడికి సెలవులు. ఎవరొస్తారు? ఎవరూ రాలేదు.

జనవరిలో ఆ తల్లే పిల్లను తీసుకుని దగ్గర్లోని ప్రభుత్వ దవాఖానాకు వెళ్లింది. కార్డేదీ అన్నారు. కార్డు బళ్లో టీచరమ్మ దగ్గర ఉంది. వెనక్కి వచ్చింది. ఫిబ్రవరిలో కార్డు పట్టుకుని వెళ్లింది. టీకా అయిపోయింది, వచ్చే వారం రమ్మన్నారు. ఏ వారమో చెప్పలేదు. స్వాహిలీలో "కేషో" అంటే రేపు. మా ఊళ్లో "రేపు రా" అన్నమాటకు ఎంత బరువుందో దానికీ అంతే. ఏప్రిల్లో వెళ్తే సమ్మె రోజులు, తలుపుకి తాళం. జూన్‌లో వెళ్దామని బయల్దేరితే నిరసనలు, రోడ్లమీద టైర్లు కాలుతున్నాయి, టియర్ గ్యాస్‌కి పిల్ల కళ్లు మండి ఏడుస్తుంటే సగం దారిలోంచి తిరిగొచ్చారు. జూలై చివర్లో ఐదోసారి వెళ్లింది. టీకా ఉంది. నర్సు ఉంది. కానీ పోయినేటి రిజిస్టరు లేదు. "మా పుస్తకంలో పేరు లేనిదే రెండోది ఎలా వేస్తాం, మళ్లీ మొదటినుంచి మొదలుపెడదామా" అన్నారట. కార్డు చూపించింది. కార్డు మీద ఊరి పేరు వానకి తడిసి చెరిగిపోయింది, చెల్లదన్నారు.

వెళ్లిన ప్రతిసారీ బోడా బోడా (అద్దె మోటారుసైకిలు) కిరాయి రానూపోనూ. వెళ్లిన ప్రతిసారీ ఆ రోజు అమ్మకం లేదు. ఒకసారి ఆవిడ లేని గంటలో వాన పడి, ఎండబోసిన సరుకంతా తడిసిపోయింది. నా దగ్గరికి వచ్చిన రోజు ఆవిడ చేతులు ఇంకా చేప వాసనే. జాకెట్టులోంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసింది. అందులో మడతపెట్టిన నోట్లు, వాటి మధ్య ఆ కార్డు. నా ముందు పెట్టి అడిగింది: "సిస్టర్, నా పిల్ల సగం మందు తీసుకుని ఉండిపోయింది. సగం మందు ఒంట్లో ఉంటే ఏమవుతుంది?"

మంత్రి గారూ, ఆ ప్రశ్నకు జవాబు మీకూ తెలుసు, నాకూ తెలుసు. ఏమీ కాదు. ఆ పిల్ల ఒంట్లో ఉన్నది సగం మందు కాదు. ఆ పిల్లకు రక్షణ ఎప్పుడో వచ్చేసింది. కార్డు మీదున్న ఖాళీ గడి ఆ తల్లికి అబద్ధం చెబుతోంది. ఆ అబద్ధాన్ని అచ్చు వేయించి పంచుతున్నది ప్రభుత్వం.

రక్షణ వచ్చేసిందని ప్రపంచానికి చెప్పింది ఎవరు? జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ వాళ్లా? ఇక్కడి పిల్లలే కదా. కిసుములో, థికాలో, నైరోబీలో 15 నుంచి 20 ఏళ్ల ఆడపిల్లలు 2,275 మంది కెన్‌షీ అనే టీకా పరీక్షలో చేరారు. మీ కెమ్రీ (కెన్యా వైద్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్త నెల్లీ ముగో, పరిశోధకురాలు రువాన్ బర్నబస్ కలిసి నడిపిన పని అది. కొందరికి ఈ వైరస్‌లో రెండు రకాలను ఆపే టీకా, కొందరికి తొమ్మిది రకాలను ఆపే టీకా, మిగిలినవాళ్లకు పోలిక కోసం మెనింజైటిస్ (మెదడు పొరల వాపు) టీకా. ఎవరికి ఏది పడిందో వాళ్లకు తెలియదు. తెలియకుండానే నెలల తరబడి తిరిగి తిరిగి వచ్చారు. పరీక్షకు నమూనాలిచ్చారు. పెళ్లికాని పిల్ల అలాంటి పరీక్షకు ఒప్పుకుని బల్ల మీద పడుకోవడమంటే ఏమిటో ఆడవాళ్లకు వేరే చెప్పాలా? మధ్యలో కరోనా, కర్ఫ్యూ. అయినా వచ్చారు.

పద్దెనిమిది నెలలయ్యాక లెక్క చూస్తే, క్యాన్సర్‌కు దారితీసే 16, 18 రకాల వైరస్ కొత్తగా చేరి ఒంట్లో పాతుకుపోయినవాళ్లు 38 మంది తేలారు. అందులో 36 మంది మెనింజైటిస్ టీకా పడ్డవాళ్లు. ఒక్క డోసు హెచ్‌పీవీ టీకా పడ్డ రెండు గుంపుల్లోనూ తలా ఒక్కరు. 36, 1, 1. ఈ మూడు అంకెలు నేను డ్యూటీ నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. ఒక్క డోసుతో 97.5 శాతం రక్షణ. 2022 ఏప్రిల్లో ఆ ఫలితం అచ్చయింది. ఆ డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసైనా చాలని తన విధానంలో రాసింది.

ఆ తర్వాత ఏం జరిగింది? నైజీరియా 2023 అక్టోబరులో టీకా మొదలుపెడుతూనే ఒక్క డోసుతో మొదలుపెట్టింది. సరస్సుకి ఆ ఒడ్డున ఉన్న టాంజానియా 2024 ఏప్రిల్లో ఒక్క డోసుకి మారిపోయింది. వాళ్ల ముఆంజాలో కూడా 930 మంది చిన్నపిల్లలు, 9 నుంచి 14 ఏళ్లవాళ్లు, ఇలాంటి పరీక్షకే చేతులు చాచారు. ఆ పిల్లల త్యాగం వాళ్ల చెల్లెళ్లకు దక్కింది. మన పిల్లల త్యాగం నైజీరియాకు దక్కింది, టాంజానియాకు దక్కింది. కెన్యా పిల్ల మాత్రం ఈ 2024 సెప్టెంబరు నాటికీ రెండో గడి నిండటం కోసం బోడా బోడా ఎక్కుతోంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదని మా ఊళ్లో సామెత. చెట్టు మీది, వేరు మీది, కాయ మీది. ఊరివాళ్లంతా కోసుకుపోతున్నారు. ఇంట్లో పిల్ల జ్వరంతో పడుకుని ఉంది.

మన పిల్లలు అని రాసేశాను. దిద్దను.

నాకెందుకని అడిగిన ఆయనకు కూడా ఇక్కడే జవాబు చెబుతాను. నేను ఖమ్మం బిడ్డను. 2009లో మా భద్రాచలం వైపు, కొత్తగూడెం వైపు, తిరుమలాయపాలెంలో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలకు ఒక అధ్యయనం పేరిట ఇదే టీకా వేశారు. చాలామంది గిరిజన పిల్లలు, హాస్టళ్లలో ఉండేవాళ్లు. అమ్మానాన్నలు సంతకం పెట్టాల్సిన కాగితాల మీద వార్డెన్లు సంతకాలు పెట్టారు. అది మా పార్లమెంటు కమిటీ నివేదికలోనే ఉంది, 2013లో వచ్చింది. కొందరు పిల్లలు చనిపోయారు. టీకా వల్ల కాదని విచారణలో తేల్చారు. అయినా అడగకుండా చేసిన పని కాబట్టి, నిజం చెప్పినా నమ్మేవాళ్లు లేకపోయారు. ఇప్పటికీ మా జిల్లాలో ఈ టీకా పేరెత్తితే ముఖం తిప్పుకునే తల్లులున్నారు. వాళ్లను నేను తప్పుపట్టలేను.

ఆ గొడవతో 2010 ఏప్రిల్లో దేశమంతా ఈ టీకా అధ్యయనాలు ఆగిపోయాయి. దానితో సంబంధం లేని ఇంకో పెద్ద అధ్యయనం కూడా ఆగింది. అందులో రెండు మూడు డోసులు పడాల్సిన పిల్లల్లో దాదాపు 5 వేల మంది ఒక్క డోసుతోనే మిగిలిపోయారు. పదేళ్లు వాళ్లను గమనిస్తే ఒక్క డోసే వాళ్లను కాపాడుతోందని తెలిసింది. ముఆంజా పిల్లల రక్తంలో యాంటీబాడీలను ఆ భారతీయ పిల్లలతో కూడా పోల్చి చూశారు. మా దగ్గర అనుకోకుండా జరిగిన దాన్ని మీ దగ్గర పద్ధతిగా పరీక్షించారు. అడిగి, చెప్పి, సంతకం తీసుకుని, లెక్క కట్టి. మా పిల్లలకు జరగని మర్యాద మీ పిల్లలకు జరిగిందని నేను ఎంత సంతోషపడ్డానో! ఆ మర్యాదలో ఇంకో సగం ఉంది కదమ్మా. ఫలితం వచ్చాక ముందుగా వాళ్ల ఇంటికే చేర్చడం.

ఒక్క డోసు అందరికీ కాదని నాకు తెలుసు. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు ఒక్కటి చాలదు. వాళ్లకు కనీసం రెండు, వీలైతే మూడు. కెన్‌షీలో వాళ్లను చేర్చుకోనేలేదు. ఈ సరస్సు చుట్టుపక్కల, హోమా బే, సియాయా, కిసుములో అలాంటి పిల్లలు ఎంతమందో మీకు నాకంటే బాగా తెలుసు. నేను అడుగుతున్నదీ అందుకే. ఆరోగ్యంగా ఉన్న పిల్ల రెండో డోసు కోసం ఐదుసార్లు తిరిగే బదులు, ఆ డోసు ఈ పిల్లకు వేయండి. టీకా వేసే వయసు దాటిపోయి అది అందని అక్కలున్నారు, వాళ్లకు వేయండి. డోసులు చాలడం లేదని మీ శాఖే అంటోంది. ఉన్నవాటిని ఇలా ఎందుకు ఖర్చు చేస్తున్నారు?

ఇంకో నష్టం ఉంది, అది లెక్కల్లో కనపడదు. 2019లో ఇక్కడ టీకా మొదలైనప్పుడు కాథలిక్ డాక్టర్ల సంఘం వద్దని ప్రకటన చేసింది. ఇది పిల్లలు పుట్టకుండా చేసే సూది అన్న పుకారు మార్కెట్లో ఇంకా ఉంది. ఆ చేపలావిడ అత్తగారు ఆ మాటే అంటోందట: "అంత మంచి మందైతే రెండోసారి ఎందుకివ్వలేదు? ఏదో తేడా వచ్చి ఆపేశారు." ఆ ఖాళీ గడి పుకారుకి సాక్ష్యంగా మారింది. రిజిస్టరు పోయిందంటే ఎవరు నమ్ముతారు? మా జిల్లాలో నమ్మకం పోవడానికి ఎన్నాళ్లు పట్టిందో, తిరిగి రావడానికి ఎన్నాళ్లు పడుతోందో చూసినదాన్ని. అందుకే భయపడుతున్నాను.

పోయిన వారం మా వార్డులో నలభై రెండేళ్ల ఆవిడ పోయింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. వచ్చేసరికే మూత్రపిండాలు దెబ్బతిన్నాయి. చివరి రోజుల్లో ఆ వాసనకి పక్క మంచం వాళ్లు మంచం మార్చమన్నారు. ఆవిడ పెద్దకూతురు మాత్రం రోజుకు నాలుగుసార్లు పక్క గుడ్డలు మార్చి, ఉతికి, ఆరేసి, మళ్లీ వచ్చి తల దగ్గర కూర్చునేది. ఈ దేశంలో ఏడాదికి 3 వేల మందికి పైగా ఆడవాళ్లు ఈ జబ్బుతో పోతున్నారు. మీరూ ఆడవాళ్లే. వార్డుల్లో పనిచేసి వచ్చినవాళ్లు. ఆ వాసన మీకు తెలుసు. ఇంతకన్నా ఏం రాయను?

మీ సాంకేతిక కమిటీ ఒక్క డోసు గురించి ఆలోచిస్తోందని విన్నాను. ఫలితం అచ్చయి రెండేళ్లు దాటింది. వేరే దేశాలు ఆలోచించి, నిర్ణయించి, పిల్లలకు వేసేశాయి కూడా. ఒక్క ఉత్తర్వు చాలు. కార్డు మార్చండి, ఒకే గడితో. ఇప్పటికే ఒక డోసు పడ్డ పిల్లల తల్లులకు బడిలోనో, రేడియోలోనో, చర్చిలోనో, లువోలో, స్వాహిలీలో, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పండి: మీ పిల్లకు సరిపోయింది, ఇక తిరగక్కర్లేదు అని. హెచ్‌ఐవీ ఉన్న పిల్లలకు మాత్రం మిగతా డోసులు తప్పకుండా వేయించండి. ఆ 2,275 మంది ఇప్పుడు ఇరవైల్లో ఉన్నారు, చాలామంది తల్లులయి ఉంటారు. వీలైతే వాళ్లకు ఒక ఉత్తరం రాయండి. మీ వల్ల తెలిసిన విషయాన్ని మీ కూతుళ్లకు వాడుతున్నాం అని. ఈ రోజు ఆ ఉత్తరం రాయాలంటే అందులో ఏమని రాస్తారమ్మా?

ఆ చేపలావిడకు నేను చెప్పాల్సింది చెప్పాను. ఒక్కటి చాలు, భయం లేదు అన్నాను. తలూపింది. కానీ కార్డు మళ్లీ ఆ కవరులోనే పెట్టుకుంది. నా మాట కంటే ప్రభుత్వం వేసిన గడికి విలువ ఎక్కువ, అలాగే ఉండాలి కూడా. వచ్చే మంగళవారం ఆరోసారి వెళ్తానంది. మంగళవారం సరుకు వచ్చే రోజు కాదట, నష్టం కొంచెం తక్కువ.

ఇట్లు,
కిసుములో ఉంటున్న ఒక తెలుగు నర్సు