బావమరిది టెండరు గురించి

రామమూర్తి నగర్,
బెంగళూరు

ప్రియమైన రమణా,

నీ ఉత్తరం మంగళవారం అందింది. అసిస్టెంట్ ఇంజనీరు (ఏఈ)గా సొంత ఊరికే బదిలీ అయిందని చదివి ఎంత సంతోషించానో, చివర్లో బావమరిది సంగతి చదివి అంత కలవరపడ్డాను. నీ పరిధిలోని కల్వర్టు పనికే టెండరు వేస్తానంటున్నాడని, "ఎవరో బయటివాడికి పోయే పని మనవాడికి వస్తే తప్పేముంది" అని మీ అత్తగారింట్లో అందరూ అంటున్నారని రాశావు. తప్పుంది రమణా. నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

మా వీధి కాలువకు మూతలుగా సిమెంటు పలకలు వేశారు. రెండో వానాకాలానికే ఒకటి పగిలి, పక్కింటి పెద్దాయన కాలు అందులో దిగబడింది. చువ్వ గీసుకుని మోకాలి కింద జానెడు గాయం. ఆయన్ని పైకి లాగాక వంగి చూస్తే, నాలుగంగుళాల మందం ఉండాల్సిన పలక రెండంగుళాలు కూడా లేదు. వీధివాళ్లమంతా కలిసి సమాచార హక్కు కింద ఎం.బుక్, అంటే ఇంజనీరు కొలతలు రాసే పుస్తకం, నకలు తెప్పించాం. అందులో నాలుగంగుళాలనే ఉంది. కొలిచిన ఇంజనీరు, పని చేసిన కాంట్రాక్టరు తోడల్లుళ్లని తరువాత తెలిసింది. డబ్బు చేతులు మారిందో లేదో నాకు తెలియదు. మారకపోయినా ఆ పలక పగిలేదే. తోడల్లుడు వేసిన పలక మీద టేపు పెట్టి "ఇది చాలదు, తీసేసి మళ్లీ వెయ్యి" అని ఎవరు అనగలరు? పండక్కి ఇద్దరూ ఒకే ఇంట్లో పక్కపక్కన విస్తరి ముందు కూర్చోవాలి కదా.

లంచం గురించి అందరికీ తెలుసు. అవినీతి నిరోధక చట్టానికి 2018లో చేసిన సవరణ తరువాత ఇచ్చినవాడిదీ నేరమే. చుట్టరికం మాత్రం ఎవరి కంటికీ నేరంలా కనిపించదు. కానీ చట్టం రాసినవాళ్లకు కనిపించింది. 1976 నాటి కర్ణాటక నగరపాలక సంస్థల చట్టం ప్రకారం, కార్పొరేషన్ పనుల్లో ప్రత్యక్షంగా గానీ పరోక్షంగా గానీ వాటా ఉన్నవాడు కార్పొరేటరుగా ఉండటానికి అనర్హుడు. ఆ "పరోక్షంగా" అన్న మాటలోనే అంతా ఉంది. ఇక 2020 సెప్టెంబరులో 198 వార్డుల పాలకమండలి గడువు ముగిశాక ఈ నగరంలో ఏళ్ల తరబడి ఎన్నికలే జరగలేదు. కార్పొరేటరు లేని వార్డులో ఇంజనీరు కొలతే ఆఖరి మాట. అప్పుడు ఆ కొలత ఎంత నిక్కచ్చిగా ఉండాలో ఆలోచించు.

ఇంకో సంగతి. మొన్న ఇంటి ఖాతా (ఆస్తి రికార్డు) బదిలీకి కార్పొరేషన్ ఆఫీసుకు వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఒక ఫైలు తెరిచి, పేరు చూసి ఆగింది. కన్నడంలో ఒక్క వాక్యం రాసి, సంతకం పెట్టి, తేదీ వేసి, ఫైలు సూపరింటెండెంటు బల్ల మీద పెట్టి వచ్చింది. అర్జీదారు ఆమె సొంత అక్క. నా పక్కనే కూర్చుని ఉంది, ముఖం చిన్నబోయింది. "ఇంకో వారం తిరగాలి" అని నాతో అంది. ఆ అమ్మాయికి లేచి నమస్కారం పెట్టాలనిపించింది నాకు.

నువ్వు చేయాల్సిందీ అదే. అతను నీ పరిధిలో టెండరు వేయకపోతే అన్నిటికన్నా మంచిది, పక్క మండలంలో బోలెడు పనులున్నాయి. వేసి తీరతానంటే మాత్రం మీ పై ఇంజనీరుకు ముందే కాగితం పెట్టు. ఎస్టిమేటు, ఎం.బుక్ రెండూ వేరే ఏఈకి అప్పగించమని అడుగు. నోటిమాటతో సరిపెట్టకు, ముట్టినట్లు సంతకం తీసుకో.

చెల్లెమ్మ నొచ్చుకుంటుందని నీ భయం. తమ్ముడి మీద ఆమెకెంత ప్రాణమో నాకూ తెలుసు. ఒక్కడివే చెప్పలేకపోతే నేను వస్తాను, ఇద్దరం కలిసి కూర్చోబెట్టి చెబుదాం. శుక్రవారం రాత్రి బస్సెక్కితే తెల్లవారేసరికి మీ ఇంట్లో ఉంటాను. టెండరుకు ఆఖరి తేదీ ఎప్పుడో నువ్వు రాయనేలేదు. వెంటనే ఫోను చేసి చెప్పు.

నీ
ప్రసాదు