ఎలుకకు తగ్గితే మనిషికి తగ్గినట్టేనా?

అయ్యా,

'క్యాన్సర్‌పై నానో బ్రహ్మాస్త్రం' అంటూ ఈ నెల మొదట్లో మీరు వేసిన వార్తపై ఎవరైనా రాస్తారేమోనని ఇన్నాళ్లు చూశాను. ఎవరూ రాయలేదు. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందును నానో రేణువుల్లో, అంటే కంటికి ఆనని అతిసూక్ష్మ రేణువుల్లో, నింపి సూదిగా ఇస్తే క్యాన్సర్ కణితి తగ్గిందని ఆ వార్త సారం. కానీ ప్రయోగం జరిగింది ఎలుకల మీద. ఆ ముక్క శీర్షికలో లేదు, మొదటి పేరాలో లేదు, ఎక్కడో చివర రంగుల బొమ్మ కింద ఇరుక్కుని ఉంది.

నెల్లూరు నుంచి వైద్యానికి చెన్నై వచ్చి మా ఇంట్లో దిగిన బంధువు ఒకాయన, స్కాన్ రిపోర్టుల కవరులోంచి మీ పేపరు ముక్క తీసి నా ముందు పెట్టాడు. ఆయన భార్యకు కీమో సగంలో ఉంది. "ఈ సూది ఏ ఆస్పత్రిలో వేస్తారు బావగారూ? దొరికితే కీమో ఆపేద్దామా?" అన్నాడు. ఆ శీర్షిక పెట్టిన మహానుభావుడే వచ్చి జవాబు చెప్పి ఉండాల్సింది.

ఆలోచన బూటకమని నేననను. ఫార్మసీ పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ రేణువులను తయారుచేసే పీఎల్‌జీఏ అనే పాలిమర్ కొత్తదేమీ కాదు, ఒంట్లో కరిగిపోయే కుట్ల దారాలు ఆ జాతివే. ప్రొస్టేట్ క్యాన్సర్ మందును నెమ్మదిగా వదిలే పాలిమర్ సూదికి అమెరికాలో 1989లోనే అనుమతి వచ్చింది. రోగనిరోధక శక్తిని రెచ్చగొట్టే మందును నేరుగా రక్తంలోకి ఎక్కిస్తే ఒళ్లంతా వాపు, జ్వరం తెచ్చిపెట్టవచ్చు. నానో రేణువులో పెడితే దాన్ని రక్షక కణాలు మింగి, కణితి మీదికి మిగతా దళాన్ని ఉసిగొల్పుతాయని ఆశ. కానీ రేణువు అక్కడిదాకా చేరాలి కదా! పదేళ్ల జంతు ప్రయోగాలను క్రోడీకరించి 2016లో వచ్చిన సమీక్ష ప్రకారం, ఎక్కించిన మోతాదులో కణితికి చేరింది మధ్యస్థంగా 0.7 శాతం. మిగతాదాంట్లో చాలా భాగం కాలేయం, ప్లీహం పాలు. ఇది రాయడానికి మీకు చోటు చాలలేదు కాబోలు.

ఏలినవారి తీరూ ఇంతే. 2024 బడ్జెట్‌లో మూడు క్యాన్సర్ మందుల మీద కస్టమ్స్ సుంకం ఎత్తేశామని చప్పట్లు కొట్టుకున్నారు. వాటిలో రోగనిరోధక శక్తిని మేల్కొలిపే మందు దుర్వాలుమాబ్ ఒక్కటే. సుంకం పోయినా ఆ ధర సామాన్యుడికి అందుతుందా? ఉన్న మందు కొనలేనివాడికి రాబోయే మందు బొమ్మ చూపించడం మాత్రం అందరికీ సరదా.

సవరణ వేసే ఉద్దేశం ఉంటే, రాశిఫలాల కింద చీమ తలకాయంత అక్షరాల్లో కాకుండా, ఆ వార్త వేసిన చోటే వేయండి.

— ఫార్మసీ కళాశాల విశ్రాంత అధ్యాపకుడు, పెరంబూరు, చెన్నై