గెలిచాక మూడు నెలలు

సంపాదకులకు నమస్కారం.

చట్టసభ చేసిన చట్టాల జోలికి కోర్టులు రాకుండా కట్టడి చేయాలన్న వాదన మా శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్ టీ కొట్టు దాకా వచ్చింది. "ఏటండి మాస్టారూ, మనం ఓట్లేసి గెలిపించినోళ్లు చట్టం చేస్తే, ఓట్లకి నిలబడనోళ్లు కొట్టీడమేటి?" అని ఒకాయన నన్ను నిలదీశాడు. అడిగింది సబబే. కానీ నాకు 1980ల నాటి సంగతి ఒకటి గుర్తొచ్చింది.

అప్పట్లో మన ఉద్యోగుల సర్వీసు కేసులు హైదరాబాదులోని పరిపాలనా ట్రిబ్యునల్లో నడిచేవి. మన రాష్ట్రం కోసం 1973లో రాజ్యాంగంలో చేర్చిన 371-డి అధికరణంలో ఐదో క్లాజు ఉండేది. ట్రిబ్యునల్ తీర్పును ప్రభుత్వం ఖాయం చేయాలి, లేదా మూడు నెలలు గడవాలి. అప్పటిదాకా అది చెల్లదు. ఈలోగా ప్రభుత్వం దాన్ని మార్చొచ్చు, రద్దు కూడా చేయొచ్చు. కేసులో ప్రతివాది ఎవరయ్యా అంటే ఆ ప్రభుత్వమే! మా సీనియర్ ఒకాయన కేసు గెలిచి ఆమదాలవలసలో రైలు దిగాడు. మిఠాయేదని అడిగితే "మూడు నెలలు ఆగండర్రా" అని ఆర్డరు కాపీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. స్టాఫ్‌రూమ్ క్యాలెండరులో ఒక తేదీకి ఎర్ర ఇంకుతో సున్నా చుట్టాడు.

ఆ క్లాజు పెట్టింది సాక్షాత్తూ పార్లమెంటు. తీసేసింది సుప్రీంకోర్టు, పి.సాంబమూర్తి కేసులో. రాజ్యాంగ సవరణలను ఏ కోర్టూ ప్రశ్నించరాదని 1976లో 42వ సవరణ కంచె వేసింది. 1980లో మినర్వా మిల్స్ తీర్పు దాన్ని పీకేసింది కాబట్టి సరిపోయింది. ఆ కంచె ఉండి ఉంటే సాంబమూర్తి కేసు గడప దాటేదే కాదు.

కోర్టులు చెప్పిందల్లా నాకు నచ్చుతుందని కాదు. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ గిరిజనులకే ఇచ్చిన 2000 నాటి జీవో నంబర్ 3ను 2020లో కొట్టేశారు. సీతంపేట కుర్రాళ్ల ముఖాలు చూస్తే ఆ తీర్పు నాకిప్పటికీ మింగుడు పడదు. తేల్చడానికి ఇరవై ఏళ్లా? ఆ తీర్పుకు విరుగుడు ఆధారాలతో గట్టి చట్టం తేవడం. చట్టాల మీద కేసులు ఇన్నాళ్లలో తేల్చాలని కోర్టులకు గడువు పెట్టమనండి, నేనూ సంతకం పెడతాను. అసలు వినడానికే వీల్లేదంటే మాత్రం ఒప్పుకోను.

ఇదంతా టీ కొట్టులోనే చెబుదామనుకున్నాను. ఈలోగా ఆయన ఎక్కాల్సిన పాలకొండ బస్సు వచ్చేసింది.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, శ్రీకాకుళం